ఊరి బీడులో నీటి తొట్టి, కంచె: కొలతలు సరేనా?

ప్రశ్న (బీడుకాపు):
ఊరి ఉమ్మడి బీడు, 150 ఎకరాలు. రక్షిత ప్రాంతం కిందికి రాదు. ఎక్కువ భాగం గడ్డి, అక్కడక్కడా ముళ్ళపొదలు, వాన తక్కువ. జింకలు, నక్కలు, కుందేళ్ళు, నేలమీద గుడ్లు పెట్టే పక్షులు ఉన్నాయి. పశువులూ గొర్రెలూ అక్కడే మేస్తాయి. చుట్టూ ఐదు వరసల ముళ్ళతీగ ఉంది. ఎండలు ముదిరేలోపు నడిమధ్యలో 10 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతుతో గుండ్రటి సిమెంటు తొట్టి కట్టించాలని, కంచెను ఇంకో రెండడుగులు పెంచాలని అనుకుంటున్నారు. ఈ కొలతలు సరేనా?

జవాబు (తీగపని):
ఎత్తు పెంచే పని ముందు ఆపించండి. మైదానాల్లో తిరిగే జంతువులు కొన్ని కంచె ఎదురైతే దూకవు, కింద దూరడానికి చూస్తాయి. ఉత్తర అమెరికాలో జింకలా ఉండే ప్రాంగ్‌హార్న్ అంత వేగంగా పరిగెత్తేదే గాని కంచె దూకడం అరుదు. అడుగు తీగ కిందుగా ఉంటే వీపు చీరుకుపోతుంది, లేదా కంచె వెంబడే తిరిగి తిరిగి అలిసిపోతుంది.

పశువులను ఆపడానికి నాలుగు తీగలు చాలు. నేల నుంచి 18, 24, 30, 42 అంగుళాల ఎత్తులో కట్టండి. అడుగుదీ పైదీ నున్నటి తీగలు, మధ్య రెండే ముళ్ళవి. పై రెండు తీగల మధ్య ఆ అడుగు ఖాళీని మాత్రం ఎవరెంత చెప్పినా తగ్గించొద్దు. దూకేటప్పుడు ముందుకొచ్చే వెనక కాలు పై తీగ కిందుగా దూరి రెండో తీగ మీదుగా పోతుంది. ఒంటి బరువుకు ఆ రెండూ మెలిపడి కాలిని బిగించేస్తాయి. ఖాళీ తక్కువైనా, తీగ వదులైనా ఇదే జరుగుతుంది. అందుకే ఏటా ఒకసారి తీగలు లాగి బిగించాలి.

వాలు నేలలో ఇంకో చిక్కుంది. పైవైపు నుంచి 42 అంగుళాలున్న కంచె దిగువ నుంచి వచ్చే జంతువుకు, వాలు ఎక్కువైతే, ఐదడుగుల దాకా అవుతుంది. అక్కడ పై తీగ ఇంకా దించండి.

జవాబు (తొట్టినీరు):
నిలువు గోడల తొట్టి అంటే తాగేవాటికి నీళ్ళు, పడేవాటికి గొయ్యి. ఉడతలు, పక్షిపిల్లలు, తొండలు అందులో పడి చస్తాయి, కుళ్ళిన నీళ్ళను మిగతావి తాగవు. పైకెక్కే వాలు తప్పనిసరి. అది 45 డిగ్రీలకు మించకూడదు. సిమెంటుతోనే కట్టిస్తున్నారు కాబట్టి ఒక పక్క 2 అడుగుల లోతుకు 4 అడుగుల పొడవున వాలు పోయించి, పైన గరుకుగా వదిలేయండి. నున్నగా పూత పెడితే పాచి పట్టి గోళ్ళు నిలవవు.

చాలాచోట్ల తప్పయ్యేది వాలు పెట్టే తీరులో. పడ్డ జంతువు నడిమికి ఈదదు, గోడను తడుముకుంటూ అంచు వెంటే తిరుగుతుంది. వాలుకూ గోడకూ మధ్య జానెడు సందున్నా దాని వెనకగా ఈదిపోతుందే గాని వాలెక్కదు. అది గోడకు ఆనుకునే ఉండాలి, అడుగుదాకా దిగాలి. సగం దాకానే ఉంటే నీళ్ళు తగ్గిన రోజున అది ఉన్నా లేనట్టే. చెక్క పలక పడేస్తే సరిపోతుందనుకుంటారు. నానితే వంగుతుంది, పశువు ముట్టె తగిలితే పక్కకు పోతుంది.

తొట్టి మీద అడ్డంగా తీగలు లాగొద్దు. గబ్బిలాలు ఎగురుతూనే నీటి మీదికి దిగి తాగుతాయి, తీగ తగిలితే నీళ్ళలో పడతాయి.

ఇక లెక్క: 10 అడుగుల వెడల్పంటే దాదాపు 7.3 చదరపు మీటర్లు. రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే ఎవరూ తాగకముందే 58 లీటర్లు పోయినట్టు. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు మిగిలిన నీళ్ళలోనే ఉంటుంది. పైపైన నింపుతూ పోతే వారాలు గడిచేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. కాబట్టి అడుగున తూము పెట్టించి అప్పుడప్పుడూ మొత్తం వదిలి, కడిగి, కొత్తగా నింపాలి. 6 అడుగుల వెడల్పయితే ఆవిరయ్యేది మూడోవంతుకు కాస్త ఎక్కువే. నేనైతే అదే కట్టమంటాను.

జవాబు (ఎండుగడ్డి):
అసలు నడిమధ్యలో ఎందుకు? నీళ్ళున్న చోటికి పశువులు చేరతాయి, చుట్టూ నేల తొక్కుడు పడి గడ్డి పోతుంది. నేలమీద గుడ్లు పెట్టే పక్షులకు మిగిలిన మంచి చోటు అదే అయితే, దాన్నే పాడుచేసినట్టు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్‌లో, అదీ రక్షిత వనంలోనే, ఉత్తర భాగాన బోర్లు వేశారు. నీళ్ళకోసం జీబ్రాలు వచ్చాయి, వాటి వెనకే సింహాలు వచ్చాయి. అరుదైన రోన్ జింకలు 1980ల చివరినుంచి బాగా తగ్గిపోయాయి. తర్వాత ఆ నీటి వనరుల్లో చాలావాటిని మూసేశారు.

ఎండునేల జింకజాతులు చాలావరకు మేతలోని తేమతోనే నెట్టుకొస్తాయి. తొట్టి కట్టాలనే ఉంటే ఇప్పటికే బాగా మేసిన అంచున కట్టండి. వేటాడే జంతువులు నక్కి దూకేందుకు వీలుండే పొదలు చుట్టూ 30 అడుగులలోపు ఉండకూడదు. వానలు పడగానే నీళ్ళు ఆపేయండి, గడ్డి కోలుకుంటుంది.

బీడుకాపు:
తొట్టిని బీడు అంచుకు మారుద్దాం. కానీ గొర్రెలు 18 అంగుళాల కింద దూరిపోవా?

తీగపని:
దూరతాయి. అలాగని జల్లెడ తీగ కట్టొద్దు. తల్లి జింక దూకుతుంది, పిల్ల ఇవతలే ఉండిపోతుంది. గొర్రెలకు కాపరి ఉండగా కంచెతో పనేముంది? రాత్రికి దొడ్డి గట్టిగా ఉంటే చాలు. పశువులు లేని నెలల్లో గేట్లు బార్లా తెరిచి అలాగే కట్టేయండి, మూలల్లోవి ముఖ్యంగా. కంచె వెంట నడిచే జంతువు ఆగేది మూలల్లోనే.

జవాబు (తోడేలుజాడ):
కుక్కల సంగతి ఎవరూ ఎత్తలేదు. చచ్చిన పశువుల కళేబరాలు బీడులో పడేస్తే ఊరకుక్కలు గుంపు కడతాయి. జింకపిల్లలను అవే తరుముతాయి, నక్కలకు రేబిస్, డిస్టెంపర్ (కుక్కల్లో వచ్చే ఒక వైరస్ జబ్బు) అంటిస్తాయి. 1994లో టాంజానియాలోని సెరెంగెటి వనంలో డిస్టెంపర్‌కు సింహాల్లో సుమారు మూడోవంతు చచ్చిపోయాయి, చుట్టుపక్కల ఊళ్ళ కుక్కల నుంచే వచ్చిందని భావించారు. కళేబరాలను లోతుగా పాతండి, ఊరకుక్కలకు టీకాలు వేయించండి. కళేబరాల్లో విషం కలిపే పని మాత్రం ఎవరినీ చేయనివ్వొద్దు. తోడేలుకని పెట్టిన విషం ముందు రాబందులను చంపుతుంది.

బీడు మీదుగా కరెంటు తీగలు పోతున్నాయా? దక్షిణాఫ్రికాలోని కరూ అనే ఎండు ప్రాంతంలో తీగలకు పక్షులకు కనపడేలా గుర్తులు తగిలిస్తే నీలి కొంగలు ఢీకొనడం 92 శాతం తగ్గింది, బట్టమేకపిట్ట జాతులకు మాత్రం ఏమీ ఒరగలేదు. అవి ఎగురుతూ తల కిందికి వంచితే ఎదురుగా ఉన్నది కనపడదు. మీ దగ్గర ఆ పక్షులుంటే గుర్తుల మీద ఖర్చు పెట్టకండి, లైను పక్కకు జరిపించమనే అడగండి.