ఉగాది వీడియోలకు పాత సర్వర్: 180 పౌండ్లలో ఏం కొందాం, ఎవరు ఏం చూసుకుంటారు?

టెక్నికల్ విభాగం, ఫిబ్రవరి 1

అందరికీ నమస్కారం. పరాభవ నామ సంవత్సర ఉగాది మార్చి 19, గురువారం పడింది కాబట్టి ఇంగ్లండ్‌లో మన తెలుగు సంఘం వేడుక 21, శనివారం. భోజనాలు, పంచాంగ శ్రవణం సంగతి వేరే థ్రెడ్‌లో నడుస్తోంది. ఇక్కడ ఒక్కటే మాట్లాడుకుందాం: ఆ రోజు తీసే వీడియోలు, ఫోటోలు ఎక్కడ దాచాలి.

పోయినేడాది ఏం జరిగిందో కొత్తగా చేరినవాళ్లకు తెలియకపోవచ్చు. ఆరు నెలల విజిటర్ వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చిన ఒక మామ్మగారు స్టేజీ ఎక్కి మంగళహారతి పాడారు. మైకు వద్దన్నారు. హాలంతా ఊపిరి బిగబట్టి విన్నాం. ఆ వీడియో నా దగ్గర ఒకే ఒక్క పోర్టబుల్ డిస్కులో ఉండేది. అది టేబుల్ మీంచి కింద పడింది, మళ్లీ తెరుచుకోలేదు. కెమెరా కార్డులు అప్పటికే ఫార్మాట్ చేసేశాం. మామ్మగారు తెనాలి వెళ్లిపోయారు. వాళ్లబ్బాయి రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈసారి ఈ పని నేనే నెత్తినేసుకున్నాను.

మన సభ్యులొకరు గ్యారేజీలో పడి ఉన్న హెచ్‌పీ మైక్రోసర్వర్ జెన్8 ఉచితంగా ఇచ్చారు. 2013లో వచ్చిన మోడల్. చిన్న డబ్బా, నాలుగు 3.5 అంగుళాల డిస్కులు పడతాయి, రెండు గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టులు ఉన్నాయి. లోపల సెలెరాన్ అనే చిన్నపాటి ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. డిస్కులు లేవు. నిన్న మూత తీసి దుమ్ము దులిపాను, ఆన్ అయింది. గడియారం మాత్రం ప్రతిసారీ వెనక్కి పోతోంది, సీఆర్2032 బ్యాటరీ మార్చాలి.

కమిటీ ఇచ్చింది 180 పౌండ్లు. సలహాలు చెప్పండి.

వీడియో టీమ్, ఫిబ్రవరి 1

అన్నా, ఈసారి మూడు కెమెరాలు, అన్నీ 4కే. ఒక్కో కెమెరా సెకనుకు 100 మెగాబిట్లు రాస్తుంది, అంటే గంటకు 45 జీబీ. ఐదు గంటల ప్రోగ్రాం, మొత్తం 675 జీబీ. ఎడిటింగ్ నేరుగా సర్వర్ మీదే చేసుకుంటే బాగుంటుంది. ఆ ప్రాసెసర్ తీసేసి ఇంకా శక్తి ఉన్న పాత జియాన్ ఈ3 పెట్టి, పది రెట్లు వేగంగా పంపే 10 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు వేద్దామా? ఆ రోజు సర్వర్‌ను హాలుకే తెచ్చేస్తే కార్డులు అక్కడికక్కడే ఖాళీ అవుతాయి.

టెక్నికల్ విభాగం, ఫిబ్రవరి 2

తమ్ముడూ, లెక్క వేసి చెప్పినందుకు థాంక్స్, నాకు కావలసింది అదే. కానీ ఆ రెండూ వద్దు. ఫైళ్లు కాపీ చేసి దాచడానికి ఈ సెలెరాన్ చాలు. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకు దాదాపు 110 మెగాబైట్లు వెళ్తాయి, నీ 675 జీబీ రెండు గంటల్లోపే అయిపోతుంది. ఆ రెండు గంటలు తగ్గించడానికి డబ్బు పోస్తే డిస్కులకు మిగలదు. ఎడిటింగ్ నీ ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ మీదే చెయ్, సర్వర్ దాచుకోవడానికే.

హాలుకు తేవడం అసలు వద్దు. తిరిగే డిస్కులున్న డబ్బాను కారు డిక్కీలో వేసి, పులిహోర గిన్నెల పక్కన పెట్టి తీసుకెళ్తే పోయినేడాది కథే మళ్లీ జరుగుతుంది. అది స్లౌ ఊళ్లో మా ఇంట్లోనే ఉంటుంది. రాత్రి కార్డులు తీసుకుని రండి, అన్నం తిని వెళ్లొచ్చు.

నా ప్లాన్ ఇది. వాడిన 4 టీబీ డిస్కులు రెండు, ఒకదానికి ఒకటి అద్దంలా. ఒకటి పోయినా రెండోదాంట్లో అంతా ఉంటుంది. పైన ట్రూనాస్ అనే ఫైళ్లు దాచే సర్వర్ సాఫ్ట్‌వేర్ వేస్తాను, ఉచితం. అందులో ఫైళ్లను డిస్కు మీద సర్దే జెడ్ఎఫ్ఎస్ ప్రతి ఫైలుకూ చెక్‌సమ్, అంటే సరిచూసుకునే గుర్తు సంఖ్య, రాసుకుంటుంది, డిస్కు మీద ఏదైనా చెడితే కనిపెట్టి రెండో డిస్కు నుంచి సరిచేస్తుంది. దానికి కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలి. ఈ సర్వర్‌కు గరిష్ఠంగా 16 పడుతుంది, అంతా పెట్టేద్దాం.

కోశాధికారి, ఫిబ్రవరి 3

బాబూ, వాడిన డిస్కులంటే కొంచెం టెన్షన్‌గా ఉంది. సంఘం డబ్బు కదా. పాతవి కొని అవి పోతే రేపు మీటింగులో నేనేం చెప్పాలి?

టెక్నికల్ విభాగం, ఫిబ్రవరి 3

మీ అనుమానం సరైనదే అండీ. కొత్తవి రెండు కొంటే బడ్జెట్ అంతా వాటికే పోతుంది, ఇంకో ఇంట్లో పెట్టే మూడో కాపీకి ఏమీ మిగలదు. ఒకే ఇంట్లో రెండు కొత్త డిస్కుల కంటే రెండు ఇళ్లలో మూడు పాత డిస్కులు నయం. దొంగతనం జరిగినా, పైపు పగిలి నీళ్లొచ్చినా అద్దం డిస్కులు రెండూ కలిసే పోతాయి.

ఇకపోతే ఏది పడితే అది కొనను. మోడల్ నంబర్ చూసి, ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్ రకమే తీసుకుంటాను. ఎస్ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి, పాడైన డిస్కు మార్చి డేటా మళ్లీ నింపేటప్పుడు విపరీతంగా నెమ్మదిస్తాయి. వచ్చాక స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, తీస్తాను. చెడ్డ సెక్టార్లను, అంటే డిస్కు మీద చెడిన చోట్లను, లెక్కపెట్టే 5, 197, 198 నంబర్ల దగ్గర సున్నా ఉండాలి. లేకపోతే వాపసు. తిరిగి తీసుకుంటామని రాసిచ్చిన అమ్మకందారు దగ్గరే కొంటాను, రసీదులన్నీ మీకు పంపుతాను.

టెక్నికల్ విభాగం, ఫిబ్రవరి 15

ఇప్పటివరకు జరిగింది.

ముందు నా పొరపాటు. చవగ్గా వచ్చిందని ర్యామ్ కొన్నాను, పెడితే సర్వర్ లేవలేదు. స్టిక్కర్ దగ్గరగా చూస్తే నంబర్ చివర ఆర్ అక్షరం ఉంది. అది రిజిస్టర్డ్ రకం, పెద్ద సర్వర్లకు. మనకు కావలసింది చివర ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం ఉన్న డీడీఆర్3 ర్యామ్, అంటే అన్‌బఫర్డ్ ఈసీసీ, తప్పులు తానే సరిచేసుకునే చిన్న సర్వర్ల రకం. రెండూ చేతిలో పట్టుకుంటే ఒకేలా ఉంటాయి. మొదటిది నా సొంత ఖర్చులో వేసుకున్నాను, సంఘం లెక్కలోకి రాదు.

మూడు డిస్కుల్లో ఒకదానికి 197 దగ్గర 8 కనిపించింది. వెనక్కి పంపితే వేరేది వచ్చింది. మిగతా రెండూ దాదాపు 31,000 గంటలు, అంటే మూడున్నరేళ్లు ఆగకుండా తిరిగినవే, కానీ చెడ్డ సెక్టార్ ఒక్కటీ లేదు. మూడింటినీ మొదటి నుంచి చివరి దాకా నాలుగు రకాల నమూనాలతో రాసి చదివించాను, మూడు రోజులు పట్టింది. మా ఆవిడ ఆ గరగర శబ్దానికి అలవాటు పడిపోయింది.

ఖర్చు: రెండు డిస్కులు 76, ర్యామ్ 32, సిస్టం కోసం చిన్న ఎస్ఎస్‌డీ 9, బ్యాటరీ 2, మూడో డిస్కు 38, దాన్ని యూఎస్‌బీకి తగిలించే డాక్ 18. మొత్తం 175 పౌండ్లు. ఐదు మిగిలింది.

సాంస్కృతిక విభాగం, ఫిబ్రవరి 15

చాలా మంచి పని చేశారు. ఒక్క మాట. పిల్లల నృత్యాలు పన్నెండు ఉన్నాయి. అందరి తల్లిదండ్రుల దగ్గరా వీడియోకు రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటున్నాం. ఇద్దరు వద్దన్నారు. ఆ రెండు ఐటమ్‌లు అందరూ తెరిచే ఫోల్డర్‌లో ఉండకూడదు.

టెక్నికల్ విభాగం, ఫిబ్రవరి 16

తప్పకుండా అక్కా. ఆ రెండు ఐటమ్‌ల టైముకి కెమెరాలే ఆపేద్దాం, అది అన్నిటికంటే భద్రం. లిస్టు వీడియో టీమ్‌కు ముందు రోజే ఇవ్వండి.

వీడియో టీమ్‌కు: సర్వర్‌లోకి, మూడో డిస్కులోకి రెండుచోట్లా కాపీ అయ్యి, కొన్ని ఫైళ్లు తెరిచి చూసేదాకా ఏ కార్డూ ఫార్మాట్ చేయొద్దు. కార్డు నిండితే ఖాళీ కార్డు పెట్టుకోండి, నిండిన వాటిని జిప్ కవర్లో వేసి ఒక్కరి దగ్గరే ఉంచండి. ఫోన్లో తీసినవాళ్లు వాట్సాప్‌లో పంపొద్దు, అది సైజు తగ్గించేస్తుంది. కేబుల్ తెచ్చుకోండి.

మూడో డిస్కు ఎవరింట్లో ఉంచుకుంటారు? స్లౌ కాకుండా వేరే ఊరైతే మేలు. నెలకోసారి తెచ్చి కొత్తవి ఎక్కించుకుని వెళ్తే చాలు.

కోశాధికారి, ఫిబ్రవరి 16

మాది రెడింగే కదా, మా ఇంట్లో పెట్టండి. పాత లెక్కల పుస్తకాలున్న బీరువాలో ఉంచుతాను. ఇంకో సంగతి, మామ్మగారి పాట మా అమ్మాయి ఫోన్లో కాస్త ఉందట, మూడో వరసలోంచి తీసింది, నిమిషం కూడా ఉండదు. ఆదివారం డిస్కు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఫోన్ కూడా తెస్తాను. మూడు గంటలకు ఇంట్లో ఉంటావా?

టెక్నికల్ విభాగం, ఫిబ్రవరి 16

ఉంటానండీ. కేబుల్ నా దగ్గరుంది, ఫోన్ ఒక్కటీ తెస్తే చాలు.