ఆంధ్రా నుంచి బెంగళూరు స్కూల్లో మూడో తరగతి: తెరిచేలోపు ఏమేం చూసుకోవాలి?

వర్తూరు_అమ్మ:
నమస్తే అండీ. గుంటూరులో రెండో తరగతి పూర్తిచేసిన మా పాపని వర్తూరు దగ్గర ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో మూడో తరగతికి చేరుస్తున్నాం. సీటు ఖాయమైంది, మొదటి విడత ఫీజు కట్టేశాం. టీసీ, ఆధార్, పెన్ నంబరు (విద్యార్థి శాశ్వత నంబరు), పుస్తకాలు, షూ, రెండు డబ్బాలు అంటూ వాట్సాప్‌లో పెద్ద లిస్టు పంపారు. కన్నడ ఒక సబ్జెక్టట. పాప తెలుగు బాగా చదువుతుంది, రాస్తుంది, కన్నడ మాత్రం అక్షరం ముక్క రాదు. వీటిలో ఏది ముందు చూసుకోవాలి? దేనికి ఆగినా పర్లేదు?

అడ్మిషన్_కౌంటర్:
ముందు తారీఖు కనుక్కోండి. ఆంధ్రాలో జూన్ 12 అని అందరి మనసులో ఉండిపోతుంది. కర్ణాటక స్టేట్ సిలబస్ బడులు మే నెలాఖరుకే తెరుస్తారు. సీబీఎస్‌ఈలో ఒక్కో స్కూలుది ఒక్కో పద్ధతి, కొన్ని ఏప్రిల్లోనే క్లాసులు మొదలుపెట్టి మేలో సెలవులిస్తాయి. అలాంటి స్కూలైతే పాఠాలు కొన్ని అయిపోయి ఉంటాయి, అవేమిటో టీచర్ని అడిగి రాసుకోండి. ఇంకోటి, సంక్రాంతికి ఇక్కడ మనవైపులా వారం పది రోజులు ఇవ్వరు. పెద్ద సెలవులు దసరాకే. ఊరికి టికెట్లు తీసేముందు స్కూలు క్యాలెండర్ చూసుకోండి.

ఇక కాగితాలు. అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది పేరు. మన పిల్లలకి టీసీలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, జనన ధ్రువపత్రంలో ఒక్కోసారి అసలు ఉండదు. అపార్ ఐడీ (విద్యార్థి డిజిటల్ గుర్తింపు నంబరు) తీసేటప్పుడు స్కూలు రికార్డులో పేరు, ఆధార్‌లో పేరు కలవకపోతే సిస్టం తీసుకోదు. కాబట్టి మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి పాప పేరు, పుట్టినతేదీ, తల్లిదండ్రుల పేర్లు ఇంగ్లిషు స్పెల్లింగుతో సహా పోల్చండి. తేడా ఉంటే టీసీ తీసుకోకముందే పాత స్కూల్లో జనన ధ్రువపత్రం జతచేసి అర్జీ ఇచ్చి సరిచేయించండి. టీసీ చేతికొచ్చాక దిద్దించాలంటే విద్యాశాఖ ఆఫీసు దాకా తిరగాల్సి రావచ్చు. గుంటూరు నుంచి అయితే ఒక్కరోజు పని, వర్తూరులో కూర్చుని అదే పని చేయించుకోవడం చాలా కష్టం.

రెండోది పెన్ నంబరు. ఇది యూడైస్ ప్లస్‌లో (బడుల వివరాలుండే కేంద్ర పోర్టల్) ఒక్కో పిల్లకి దేశమంతటా ఒకటే, కొత్తది ఇవ్వరు. టీసీ ఇచ్చిన పాత స్కూలు ఆన్‌లైన్లో కూడా పాప వెళ్లిపోయినట్టు నమోదు చేస్తేనే పేరు డ్రాప్‌బాక్స్‌లోకి (పోర్టల్లో బడి వదిలిన పిల్లల జాబితా) వస్తుంది. అక్కణ్ణుంచి పెన్ నంబరు, పుట్టినతేదీ కొట్టి కొత్త స్కూలు తమలోకి తీసుకుంటుంది. చాలా స్కూళ్లు కాగితం చేతిలో పెట్టి ఆన్‌లైన్ సంగతి మర్చిపోతాయి. టీసీ తీసుకున్నరోజే ఆఫీసులో అడిగి చేయించండి, పెన్ నంబరు టీసీ మీద రాయించుకోండి. కర్ణాటకలో ఎస్‌టీఎస్ నంబరని రాష్ట్రం వాళ్ల విద్యార్థి నంబరు ఇంకొకటి ఉంటుంది. అది కొత్త స్కూలే తీస్తుంది, మీరు వెతకక్కర్లేదు.

రాష్ట్రం మారుతున్నారు కాబట్టి టీసీ మీద విద్యాశాఖ అధికారి కౌంటర్ సంతకం (ధ్రువీకరిస్తూ చేసే రెండో సంతకం) కావాలా అని కొత్త స్కూలుని ఇప్పుడే అడగండి. కొందరు అడుగుతారు, కొందరు వదిలేస్తారు.

ఆధార్‌కి 5 ఏళ్లు నిండాక వేలిముద్రలు, కనుపాప ఇచ్చారా? లేకపోతే అది ముందు. 7 ఏళ్లు దాటినా ఇవ్వకపోతే నంబరు పనిచేయకుండా ఆగిపోవచ్చు. 5 నుంచి 7 లోపు ఉచితం, 7 నుంచి 15 వారికి కూడా 2025 అక్టోబర్ 1 నుంచి ఏడాదిపాటు రుసుము తీసేశారు. బెంగళూరు వన్ అనే ప్రభుత్వ సేవా కేంద్రాల్లో చేస్తారు. స్కూళ్లు తెరిచే వారంలో మాత్రం వెళ్లకండి, పిల్లలతో క్యూ కదలదు.

షూ, బెల్టు లాంటివి ఆఖర్న కొనండి. పుస్తకాలు వచ్చాకే అట్టలు.

కన్నడ_టీచర్:
కన్నడ గురించి. కన్నడ భాషా కలికా (నేర్చుకోవడం) చట్టం 2015లో వచ్చింది. దాని ప్రకారం 2017-18 నుంచి ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి కన్నడ తప్పనిసరి చేస్తూ వచ్చారు. స్కూల్లో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మూడో తరగతిలో కన్నడ రెండో భాషా, మూడో భాషా? పుస్తకం, పరీక్ష రెండూ దాన్నిబట్టే మారతాయి. మూడో భాషైతే అక్షరాల నుంచే మొదలుపెడతారు. రెండో భాషైతే తోటిపిల్లలు రెండేళ్లు ముందున్నట్టే.

తెలుగు రాయడం వచ్చిన పాపకి మూడొంతుల పని అయిపోయినట్టే లెక్క. గ, జ, ద, న, బ, ర, ల చూడగానే పోల్చేస్తుంది. తేడా పడేవి విడిగా నేర్పండి. క, త, శ రూపాలు వేరు. తలకట్టు మనలా టిక్కు కాదు, పైన అడ్డంగా సాగి కుడివైపు వంపు తిరుగుతుంది. పిల్లలు ఎక్కువగా తప్పేది దీర్ఘాల్లో. తెలుగులో కీ, కే, కో మూడింటికీ గుణింతపు గుర్తు రూపమే మారుతుంది. కన్నడలో కి, కె, కొ రాసి పక్కన దీర్ఘపు గుర్తు తగిలిస్తారు, మూడింటికీ అదొక్కటే గుర్తు. ఇది మొదటిరోజే చెప్పేస్తే గుణింతం తొందరగా పట్టుబడుతుంది. చెప్పకపోతే తెలుగు గుర్తులతోనే రాసి డిక్టేషన్లో మార్కులు పోగొట్టుకుంటుంది. రోజుకి ఐదు అక్షరాలు, నాలుగు గీతల కాపీలో ఒక్క పేజీ చాలు. ఒకే గంటలో తెలుగు, కన్నడ రెండూ రాయించకండి.

చెవికి కూడా కొంచెం అలవాటు చేయండి. క్లాసులో వినబడేవి: బా (రా), కూతుకో (కూర్చో), ఓదు (చదువు), బరి (రాయి), తెగి (తెరువు). పాప నోటికి రావాల్సినవి రెండు: గొత్తిల్ల (తెలీదు), అర్థ ఆగ్లిల్ల (అర్థం కాలేదు).

దయచేసి తెలుగు మానిపించకండి. పైన చెప్పిన లాభమంతా తెలుగు వచ్చినందువల్లే.

వర్తూరు_అమ్మ:
చాలా థాంక్సండీ, పేరు తేడా నిజంగానే ఉంది, రేపే గుంటూరు స్కూలుకి ఫోన్ చేస్తా. బ్యాగు, డబ్బాల గురించి కూడా చెబుతారా? లిస్టు ప్రకారం అన్నీ పెడితే సంచి ఎత్తలేకపోతోంది.

వైట్‌ఫీల్డ్_నాన్న:
లిస్టులో ఉన్నవన్నీ రోజూ మొయ్యడానికి కాదండీ. కర్ణాటక 2019 ఉత్తర్వు ప్రకారం 3 నుంచి 5 తరగతుల బ్యాగు 2-3 కిలోలు దాటకూడదు, 2020 జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం 1.7-2.5 కిలోలంటుంది. పాప 24 కిలోలుంటే అందులో పదోవంతు, అంటే 2.4 కిలోల దగ్గర ఆపండి. బరువు ఎక్కువయ్యేది ఖాళీ సంచీతోనూ నీళ్లసీసాతోనూ. నిండిన 750 మి.లీ. స్టీలు సీసా ఒక్కటే కిలో ఉంటుంది. స్కూల్లో ఫిల్టరు నీళ్లుంటే అర లీటరు తేలికది పంపి నింపుకోమనండి. రాత్రే టైంటేబుల్ చూసి సర్దాలి, లావు పుస్తకాలు వీపు వైపు. రెండు పట్టీలూ వేసుకోవాలి, సంచి అడుగు నడుము దాటి వేలాడకూడదు. జూన్ వానలకి లోపల ఒక ప్లాస్టిక్ కవరు.

చిన్న విరామం పది పదిహేను నిమిషాలే. ఆ డబ్బాలో వేళ్లతో తీసుకుని తినేది పెట్టండి, పండు ముక్కలో ఇడ్లీ ముక్కలో. భోజనం డబ్బాలో వేడి అన్నం పెట్టి వెంటనే మూతేస్తే ఆవిరి నీరై పాడవుతుంది. పది నిమిషాలు పళ్లెంలో ఆరబెట్టి పెట్టండి. పెరుగన్నం మధ్యాహ్నానికి పులవకుండా ఉండాలంటే మెత్తటి అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా, పెరుగు ఒక్క చెంచా కలపండి. తినేవేళకి అదే తోడుకుంటుంది. మొదటి వారం ఇంట్లో తినేదానికన్నా కొంచెం తక్కువే పెట్టండి. మూత పాప తనంతట తీయగలదో లేదో ముందే చూడండి, బిగుతు మూత వల్ల తినకుండా తెచ్చే పిల్లలు చాలామంది.

స్కూటీ మీద దింపేట్టయితే పాపకి హెల్మెట్ తప్పనిసరి, 4 ఏళ్లు దాటిన అందరికీ చట్టమే. వ్యానైతే పసుపు నంబరు ప్లేటు ఉందో లేదో చూడండి. తెల్ల ప్లేటు సొంత బండి, డబ్బులు తీసుకుని పిల్లల్ని ఎక్కించుకునే అనుమతి దానికి ఉండదు.