పెయ్యిల్లా, పొయ్యిల్లా?

సీతమ్మధార: భీమిలి దగ్గర మా తాతల నాటి ఇంటి పెరట్లో చిన్న రాతిగది ఉంది. తలుపు ఎత్తు 3 అడుగులు. నేల ఒక పక్కకి వాలుగా ఉంటుంది, గోడ అడుగున తూము. వచ్చే నెల పడగొట్టించేస్తున్నారు. అమ్మమ్మ దాన్ని ఏదో 'య్యిల్లు' అనేది. మొదటి అక్షరం పె, లేక పొ? వారం రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు.

మాధవధార: పొయ్యిల్లే. వడ్లు ఉడకబెట్టడానికి పెరట్లో వేరే పొయ్యి ఉండేది. తూము గంజికి.

పెందుర్తి: ఆ తలుపులోంచి గంజి కుండ పట్టుకుని ఎవరు దూరతారండీ? పెయ్య, ఇల్లు కలిసి పెయ్యిల్లు. వంటిల్లు రాలేదా?

అనకాపల్లి: సంధి రెండింటికీ కుదురుతుంది, వ్యాకరణంతో ఇది తేలదు. నా అభ్యంతరం అర్థం మీద. పెయ్య అంటే ఆడదూడ. మరి కోడెదూడల్ని ఎక్కడ కట్టారు? మా వైపు దూడల సాల అనే విన్నాను.

పెందుర్తి: కోడెదూడ సింహాద్రి అప్పన్న మొక్కుకి వెళ్లేది కదా మాస్టారూ. ఇంట్లో మిగిలేది పెయ్యే.

అనకాపల్లి: అరకకి ఎడ్లు కావొద్దా అమ్మా? అన్నీ మొక్కుకి పోవు.

గాజువాక: పోతన గోపిక గోడు గుర్తు చేసుకోండి. 'ఆలము సేయుచు నాలకుఁ గ్రేపులను విడిచె'. పాలు లేవని బాలింతలు మొరపెడుతుంటే, కృష్ణుడు అల్లరిగా నవ్వుతూ ఆవుల దగ్గరికి క్రేపుల్ని, అంటే దూడల్ని, వదిలేశాడు. ఇలాంటి గది ఉన్నది ఆ అల్లరి జరగకుండానే. దూడ నాలుగు గుక్కలు తాగితే ఆవు చేపుతుంది, అంటే పాలు దిగుతాయి, అప్పుడు దూడని పక్కకి లాగి పాలు పితుకుతారు. రాత్రి దూడ కట్టు తప్పితే పొద్దున చెంబుతో వెళ్లినవాళ్లకి ఏముంటుంది? ఆ ఇంట్లో బాలింతలు మొరపెట్టుకోరా?

అనకాపల్లి: ఆ పద్యం చదివితే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. బాలురు, పాలు, బాలింతలు, బాలుడు, ఆలము, ఆలు: అన్నీ ఒక్క ల చుట్టూ. మధ్యలో 'పకపక నగి' దగ్గర మాత్రం ల మాయమై, పిల్లాడి నవ్వే వినిపిస్తుంది.

గాజువాక: క్రేపు, చేపు ఒకే మూలం నుంచి వచ్చాయని నా నమ్మకం.

అనకాపల్లి: ఒప్పుకోను. క్రేపులో రేఫ, అంటే ర, పోతే కేపు కావాలి, చేపు ఎలా అవుతుంది?

గాజువాక: కన్నడంలో కివి, మనకి చెవి కాలేదా?

అనకాపల్లి: చెవిలో రేఫ ఎప్పుడుంది?

సీతమ్మధార: ఈరోజు వెళ్లి చూసొచ్చాను. గోడలకి మసి లేదు. కట్టుకొయ్య ఉంది, మెడ తాడు ఒరుసుకుని నున్నగా అయింది. కానీ మూలన మూడు రాళ్లున్నాయి.

మాధవధార: చెప్పానా, పొయ్యి!

పెందుర్తి: ఒక్క పూట కుడితి కాచినా మూడు రాళ్లు పెడతారు. మసి లేదన్నారు కదా.

అనకాపల్లి: ఆ రాళ్లని కదపనివ్వకండమ్మా. ముందు ఫొటో పెట్టండి.