15,000 జీతంలో చేతికొచ్చేది 10,649. ఏం కోస్తున్నారో చెప్పే కాగితం ఎవరిస్తారు?

రేవు అవతలి అటెండరు:

అందరికీ నమస్కారమండి. మాది సఖినేటిపల్లి దగ్గర. నరసాపురం వైపు ఒక ప్రభుత్వ బడిలో ఏజెన్సీ తరఫున అటెండరుగా చేస్తున్నాను, నాలుగేళ్లయింది. ఆర్డరు కాగితంలో నెలకు 15,000 అని ఉంది. బ్యాంకులో పడేది 10,649. ప్రతి నెలా అంతే, రూపాయి అటూ ఇటూ కాదు. ఇదేం కోతండీ అంటే సూపర్‌వైజరు "పీఎఫ్, ఈఎస్‌ఐ పోతాయమ్మా" అంటాడు. పే స్లిప్పు అడిగితే "అవి రెగ్యులర్ వాళ్లకి" అన్నాడు. మా బడిలో టీచర్లు ఫోన్లోనే చూసుకుంటారు, బేసిక్ ఇంత, డీఏ ఇంత, కోత ఇంత అని.

రోజూ పంటు మీద గోదారి దాటుతాను. ఆ కాస్త దూరానికీ టికెట్టు ముక్క చేతిలో పెడతారు. నెలంతా గంట కొట్టి, గదులు ఊడ్చి, రికార్డులు మోసినదానికి ఆపాటి కాగితం లేదు. మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. చదువు రాదు, అయినా ఎన్ని చెట్లు ఎక్కాడో వంటింటి గోడ మీద బొగ్గుతో గీసుకునేవాడు. కూలి ఇచ్చేటప్పుడు షావుకారు తప్పు చెబితే ఆ గోడే సాక్ష్యం.

మా అబ్బాయి ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తీశాడు. నా వాటా 1,800, యజమాని వాటా 550, పెన్షన్ 1,250. మొత్తం 3,600 పడుతోంది కదా, మంచిదే అనుకున్నాను. మరి మిగతాది ఎటు పోతోంది?

గరిటె వదిన:

నేను బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. మాకు గౌరవ వేతనం 3,000. పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, కోసుకోడానికి ఏమీ లేదు కాబట్టి లెక్క మాత్రం తేలిక! నీ లెక్క ఎవరైనా తేలిస్తే నేనూ నేర్చుకుంటాను అక్కా.

పాలకొల్లు పాత గుమస్తా:

అమ్మా, నేను బడి ఆఫీసులో జీతాల బిల్లులు రాసి రిటైరైనవాణ్ణి. కాగితం పెన్ను తీసుకో.

ఉద్యోగి వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,800. ఈఎస్‌ఐ, అంటే వైద్య బీమా, 0.75 శాతం, పైకి సరిచేస్తే 113. వృత్తి పన్ను 15,000 దాకా లేదు. కాబట్టి నీ చేతికి 13,087 రావాలి.

ఇప్పుడు యజమాని కట్టాల్సింది చూడు. పీఎఫ్ 12 శాతం, దానిమీద ఇన్సూరెన్సు అర, ఆఫీసు ఖర్చు అర, మొత్తం 13 శాతం, 1,950. ఈఎస్‌ఐ 3.25 శాతం, 488. రెండూ కలిపితే 2,438. 13,087 లోంచి అది తీసేయ్. 10,649 వచ్చిందా?

నువ్వు "మంచిదే" అనుకున్న ఆ 3,600 పూర్తిగా నీ డబ్బేనమ్మా. వాళ్ల వాటా కూడా నీ జీతంలోంచే కడుతున్నారు. పీఎఫ్ స్కీము 31వ పేరాలో ఉంది, ఒప్పందం ఎలా ఉన్నా సరే యజమాని వాటాను ఉద్యోగి జీతంలోంచి కోయకూడదని. పాస్‌బుక్ చూస్తే ఇది ఎన్నటికీ దొరకదు. ఎంత పడిందో అది చెబుతుంది గానీ ఎవరి జేబులోంచి పడిందో చెప్పదు. స్లిప్పు ఎందుకు ఇవ్వరో ఇప్పుడు అర్థమైందా?

అమలాపురం అబ్బాయి:

మాస్టారూ, ఒక్క అనుమానం. ఆర్డరులో 15,000 అన్నది అన్నీ కలిపి ఏజెన్సీకి ఇచ్చే మొత్తమేమో? అలాగైతే వాళ్లు "మేమేం కోయలేదు, అసలు జీతమే తక్కువ" అంటారు.

పాలకొల్లు పాత గుమస్తా:

మంచి ప్రశ్న. జీతమే తక్కువైతే పాస్‌బుక్‌లో 1,800 పడదు బాబూ. 1,800 అంటే 15,000 మీద 12 శాతం. జీతం 15,000 అని వాళ్లే ఒప్పుకుని కట్టారు.

అమ్మాయీ, రెండు పనులు చెయ్యి. ముందు స్లిప్పు ఇవ్వమని రాసి అడుగు, నోటితో కాదు. 2019 వేతనాల కోడ్ 50వ సెక్షన్ ప్రకారం వేతన చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. రెగ్యులర్ వాళ్లకే అని అందులో లేదు. తర్వాత, ఏజెన్సీకి డబ్బిచ్చే ప్రభుత్వ ఆఫీసుకు సమాచార హక్కు కింద అర్జీ పెట్టు. ఒప్పందం నకలు, ఏజెన్సీ నెలనెలా పెట్టిన బిల్లుల నకళ్లు అడుగు. మన రాష్ట్రంలో ఫీజు మండల స్థాయికి 5, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఏజెన్సీ తన వాటాకి బిల్లులో విడిగా డబ్బు తీసుకుందంటే, ఒకే వాటాకి రెండు చోట్ల వసూలు చేసినట్టు.

ఒక్కదానివే సంతకం పెట్టకు. మీ బడిలో స్వీపరు, వాచ్‌మన్ ఉంటారుగా.

రేవు అవతలి అటెండరు:

మాస్టారూ, మీ లెక్క నాలుగుసార్లు వేసుకున్నాను. జూన్‌లో మళ్లీ రెన్యువల్, అదే టెన్షన్. స్వీపరమ్మ పెడతానంది, వాచ్‌మన్ ఇంటి దగ్గర అడిగి చెబుతానన్నాడు. పోయిన వానాకాలం మా ఆయనకి జ్వరమొస్తే ప్రైవేటులోనే చూపించాం. ఈఎస్‌ఐ కార్డు ఉంటుందని కూడా నాకెవరూ చెప్పలేదు, కోత మాత్రం కోశారు.

రేవు అవతలి అటెండరు (12 రోజుల తర్వాత):

ముగ్గురం సంతకాలు పెట్టి రాసిచ్చామండి. నిన్న సూపర్‌వైజరు పిలిచి నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం ఇచ్చాడు. ముద్ర లేదు, సంతకం లేదు. జీతం 15,000. పీఎఫ్ 1,800. ఈఎస్‌ఐ 113. కింద బాల్‌పెన్నుతో "ఇతరములు 2,438".

పంటు మీదే ఫోటో తీసి మా అబ్బాయికి పంపాను. రేపు అర్జీ పెడుతున్నాం. వాచ్‌మన్ కూడా వస్తున్నాడు.