జర్మన్ ఎక్సెల్‌తో కుస్తీ పడుతున్నాను, కాస్త దారి చెప్పండి

వైజాగ్ కుర్రాడు, స్టుట్‌గార్ట్:

అందరికీ నమస్కారం. నేను ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ప్లానింగ్ పని. ఇండియాలో నాలుగేళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్సెల్‌లోనే ఉన్నాను కాబట్టి ఈ ఒక్క విషయంలో దిగులు లేదనుకున్నాను. తీరా చూస్తే ఆఫీసు లాప్‌టాప్‌లో అంతా జర్మన్. వీలుకప్ (జాబితాలో వెతికి విలువ తెచ్చిపెట్టే ఫంక్షన్) అని కొడితే దానికి ఆ పేరే తెలియదు. ఫార్ములాలో కామా పెడితే తప్పంటోంది. కీబోర్డులో జెడ్, వై తారుమారు. నిన్న ఒక వరుస పొరపాటున తీసేసి, వెనక్కి తిప్పుదామని అలవాటు కొద్దీ కంట్రోల్ జెడ్ నొక్కితే వై పడి, అది "చేసిందే మళ్ళీ చెయ్యి" అని అర్థం చేసుకుని ఇంకో వరుస కూడా తీసేసింది. టీమ్ లీడ్ పక్కనే నిలబడి చూస్తున్నాడు. ప్రొబేషన్ ఆరు నెలలు, టెన్షన్‌గా ఉంది. ఐటీ వాళ్ళని అడిగి ఇంగ్లిష్‌లోకి మార్పించుకోనా, జర్మన్‌లోనే నేర్చుకోనా?

2019 బ్యాచ్ అన్న, లుడ్‌విగ్స్‌బుర్గ్:

తమ్ముడూ, ఆ జెడ్ దెబ్బ తినని మనవాడు ఇక్కడ లేడు. రెండు వారాల్లో వేళ్ళే సర్దుకుంటాయి.

ముందు నీ ప్రశ్నకు జవాబు. ఫైల్ మెనూ, ఆప్షన్స్, లాంగ్వేజ్‌లోకి వెళ్తే ఇంగ్లిష్ పెట్టుకోవచ్చు, ఐటీ వాళ్ళు ఆ ప్యాక్ ఇచ్చి ఉంటే. పెట్టుకుంటే మెనూలు, ఫంక్షన్ల పేర్లు ఇంగ్లిష్‌లోకి వస్తాయి. కామా బాధ మాత్రం తీరదు. ఎందుకంటే దశాంశానికి చుక్కా కామానా, ఫార్ములా మధ్యలో కామానా సెమికోలనా అన్నది ఎక్సెల్ భాషను బట్టి కాదు, విండోస్‌లోని రీజియన్ సెట్టింగును బట్టి నడుస్తుంది. అది జర్మనీ అని ఉన్నంతకాలం సెమికోలనే. దాన్ని మార్చకు. పక్కవాళ్ళంతా ఒక లెక్కలో, నువ్వొక్కడివే ఇంకో లెక్కలో ఉంటే కొంప మునుగుతుంది.

నువ్వు ఇంగ్లిష్‌లో రాసిన ఫార్ములా వాళ్ళ దగ్గర తెరిస్తే జర్మన్‌లో కనిపిస్తుంది, వాళ్ళది నీ దగ్గర ఇంగ్లిష్‌లో. వీలుకప్ వాళ్ళకి ఎస్‌ఫెర్‌వైస్, దాని కొత్త రూపం ఎక్స్‌లుకప్ ఎక్స్‌ఫెర్‌వైస్, ఇఫ్ అంటే వెన్. ఆ మార్పు దానంతట అదే జరుగుతుంది. తేదీని అక్షరాలుగా మార్చే టెక్స్ట్ ఫంక్షన్ దగ్గర మాత్రం జాగ్రత్త. అందులో కొటేషన్ల మధ్య రాసే తేదీ అక్షరాలు మారవు. జర్మన్‌లో సంవత్సరానికి జె నాలుగుసార్లు రాస్తారు, యార్ అనే మాట నుంచి. ఆ ఫైలు హైదరాబాద్ టీమ్‌కి పంపితే వాళ్ళకి 2025 బదులు నాలుగు జెలు వరుసగా కనిపిస్తాయి. సంవత్సరం కావాలంటే ఇయర్ ఫంక్షన్ వాడు, గొడవ ఉండదు.

ఇంతవరకు చెప్పినవి చిరాకులే. అసలు ప్రమాదం ఎక్కడుందో నా అనుభవం చెప్తాను. 2019లో చేరిన రెండో నెల. పుణె సప్లయర్ నుంచి విడిభాగాల బరువుల సీఎస్‌వీ ఫైలు (విలువల మధ్య కామాలు పెట్టిన ఉత్త టెక్స్ట్ ఫైలు) వచ్చింది. డబుల్ క్లిక్ చేసి తెరిస్తే అంతా ఒకే కాలమ్‌లో పడింది, కామాలతో సహా. టెక్స్ట్ టు కాలమ్స్‌తో విడగొట్టి, కింద మొత్తం వేసి, పంపించేశాను. మధ్యాహ్నం లాజిస్టిక్స్ నుంచి ఫోన్: ఒక ప్యాలెట్ బరువు నలభై మూడు టన్నులు దాటిందేంటి, రైలింజన్ తెప్పిస్తున్నావా అని.

జరిగిందేంటంటే, ఒక భాగం బరువు 3.5 కిలోలు. జర్మన్ పద్ధతిలో రోజు, చుక్క, నెల. కాబట్టి ఎక్సెల్ దాన్ని మే 3 అనుకుంది. ఎక్సెల్ లోపల తేదీ అంటే 1900 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన ఒక అంకె. 2019 మే 3 అంటే 43588. మూడున్నర కిలోల ముక్క మొత్తంలోకి 43,588 కిలోలుగా చేరింది. అదే ఫైలులో 1.250 అని ఉన్నది పన్నెండు వందల యాభై అయింది, ఎందుకంటే ఇక్కడ చుక్క వేలకు పెట్టే గుర్తు. 18.75 మాత్రం తేదీ కాలేదు, అంకె కూడా కాలేదు, ఉత్త అక్షరాలుగా మిగిలి మొత్తంలోంచి తప్పుకుంది. ఒకే కాలమ్‌లో మూడు రకాల తప్పులు, ఒక్క ఎర్ర గీత కూడా లేదు.

అందుకే బయటి నుంచి వచ్చిన సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేయకు. డాటెన్ (డేటా) ట్యాబ్‌లో "ఆవుస్ టెక్స్ట్" (టెక్స్ట్ నుంచి) అని ఉంటుంది, దాంట్లోంచి లోపలికి తీసుకురా. ఎక్సెల్‌లోనే ఉండే డేటా దిగుమతి సాధనం, పవర్ క్వెరీ, తెరుచుకుంటుంది. అక్కడ కాలమ్ తలమీద రైట్ క్లిక్ చేసి, టైప్ మార్చేటప్పుడు "లొకేల్‌తో" (ఏ దేశపు పద్ధతో చెప్పి) అన్న దారి ఎంచుకుని, ఈ అంకెలు ఇంగ్లిష్ పద్ధతిలో ఉన్నాయని చెప్పు. ఒకసారి చెప్తే చాలు, వచ్చే నెల కొత్త ఫైలు అదే పేరుతో అక్కడే పెట్టి రిఫ్రెష్ కొట్టడమే. తెచ్చాక కాలమ్‌ని వెడల్పు చేసి ఒక చూపు చూడు. అంకెలు కుడి అంచుకు, అక్షరాలు ఎడమ అంచుకు అతుక్కుంటాయి. ఎడమవైపు ఒక్కటి కనిపించినా ఆగు.

మ్యూనిక్ అక్క, పర్చేజ్ డిపార్ట్‌మెంట్:

పై మాటలన్నీ నిజమే, ఇంగ్లిష్‌లోకి మార్చుకోమన్నది తప్ప. బాబూ, జర్మన్‌లోనే ఉంచు. మీటింగులో స్క్రీన్ చూపిస్తూ "అక్కడ డాటెన్ నొక్కు" అని నీ టీమ్ లీడ్ అన్నప్పుడు నువ్వు వెతుక్కుంటూ కూర్చోకూడదు. ఒక ఇరవై మాటలు వస్తే చాలు, ఆ ఇరవై నీ భాష క్లాసులో చెప్పరు. కంట్రోల్ కీ మీద ఎస్‌టీఆర్‌జీ అని ఉంటుంది, స్ట్రాంగ్ అనుకునేవు, అది ష్టోయెరుంగ్, అంటే కంట్రోల్. ఎంట్‌ఫ్ అంటే డిలీట్. #ఎన్‌వీ అంటే మన #ఎన్/ఏ, వెతికింది దొరకలేదని; #బెట్సూగ్ అంటే రిఫరెన్స్ పోయింది అని. వర్డ్‌లో బోల్డ్‌కి బి కాదు, షిఫ్ట్‌తో కలిపి ఎఫ్, ఫెట్ అనే మాటకి.

నువ్వు ప్లానింగ్ అన్నావు కాబట్టి వారాల సంగతి చెప్పాలి. ఇక్కడ ఎవరూ "మే రెండో వారం" అనరు, "కావే 19" అంటారు. కాలెండర్‌వోఖె, సంవత్సరంలో పంతొమ్మిదో వారం. 2022లో నేను వారం నంబర్లు వీక్‌నమ్ ఫంక్షన్‌తో లెక్కకట్టాను. మే 9 సోమవారానికి అది 20 అంది. సప్లయర్‌కి కావే 20 అని పంపాను, వాళ్ళు పద్ధతిగా వాళ్ళ ఇరవయ్యో వారంలోనే పంపారు, అంటే మే 16న. సరుకు కోసం ప్రొడక్షన్ లైన్ ఎదురుచూసింది. నా పక్కన కూర్చునే పెద్దావిడ ఏమీ అనకుండా గోడ మీద క్యాలెండర్ వైపు వేలు చూపించింది, అందులో మే 9 పక్కన 19 అని ఎర్రగా ఉంది.

జర్మనీలో మొదటి గురువారం ఉన్న వారమే ఒకటో వారం, అదీ సోమవారంతో మొదలు. వీక్‌నమ్‌కి ఏమీ చెప్పకపోతే జనవరి 1 ఏ వారంలో పడితే అదే ఒకటి, ఆదివారంతో మొదలు. 2023 నుంచి 2026 దాకా, ఆదివారాలు, ఏడాది చివరి రోజులు వదిలేస్తే, రెండు లెక్కలూ కలిసిపోతాయి, అందుకే ఎవరి ఫైలులోనూ తప్పు బయటపడదు. 2027లో జనవరి 1 శుక్రవారం. మళ్ళీ వారం తేడా వస్తుంది, 2028లో కూడా. ఇప్పుడే నీ ఫైళ్ళన్నిట్లో ఐసోకాలెండర్‌వోఖె అన్న ఫంక్షన్ పెట్టెయ్, ఇంగ్లిష్‌లో ఐసోవీక్‌నమ్. ఔట్‌లుక్ క్యాలెండర్‌లో కూడా వారం నంబర్లు కనిపించేలా టిక్ పెట్టుకుని, "మొదటి నాలుగు రోజుల వారం" అన్నది ఎంచుకో.

ఇంకోటి. అర్థం కాని మెయిల్ వస్తే ఏదో ఒక ఉచిత అనువాదం సైట్‌లో అతికించకు. అందులో ధరలుంటాయి, కస్టమర్ పేర్లుంటాయి. ఆఫీసు వాళ్ళు ఏది ఒప్పుకున్నారో అడిగి అదే వాడు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

ఒక్క ముక్క. హైదరాబాద్‌తో మీటింగులుంటే ఔట్‌లుక్ క్యాలెండర్‌లో రెండో టైమ్ జోన్ పెట్టుకోండి. ఇక్కడ మార్చి చివరి ఆదివారం గడియారం ముందుకి, అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి వెళ్తుంది. ఇండియాలో అది లేదు. వాళ్ళు రెండింటికి పెట్టిన మీటింగ్ మనకి చలికాలంలో తొమ్మిదిన్నర, ఎండాకాలంలో పదిన్నర. ఆ సోమవారం సగం మంది తప్పిపోతారు, ప్రతి ఏడూ.

వైజాగ్ కుర్రాడు:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. మీరిద్దరూ కొట్టుకోకుండా ఒక పని చేశాను. ఎక్సెల్ జర్మన్‌లోనే ఉంచి, ఆ ఇరవై మాటలు పసుపు చీటీ మీద రాసి మానిటర్ కింద అంటించాను. సెమికోలన్ కూడా వేలికి అలవాటవుతోంది. ఇంకో డౌట్: పాత ఫైళ్ళలో వీలుకప్ చివర ఏమీ రాయకుండా వదిలేశారు. మార్చాలా?

2019 బ్యాచ్ అన్న:

తప్పకుండా మార్చు. చివర ఫాల్ష్ (ఇంగ్లిష్‌లో ఫాల్స్) అని రాయకపోతే అది దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకొచ్చి ఇస్తుంది, తప్పని కూడా చెప్పదు. నీ దగ్గర మైక్రోసాఫ్ట్ 365 ఉంటే ఎక్స్‌ఫెర్‌వైస్‌లోకి మారిపో, అది అడగకుండానే సరిగ్గా సరిపోయిందే ఇస్తుంది. 2016, 2019 వెర్షన్లలో అది లేదు కాబట్టి ఫైలు ఎవరికి వెళ్తుందో చూసుకో. మార్చే ముందు డేటాని కంట్రోల్ టీతో టేబుల్ చెయ్. కింద కొత్త వరుస చేరినా ఫార్ములా దాన్ని కూడా కలుపుకుంటుంది, పరిధి కదలకుండా పెట్టే డాలర్ గుర్తులతో తంటా ఉండదు.

వైజాగ్ కుర్రాడు:

చేశాను అన్నా. టేబుల్ చేసి బరువుల కాలమ్ వెడల్పు చేస్తే ఎడమవైపు పదకొండు అతుక్కుని ఉన్నాయి, మే 3లు రెండు దొరికాయి. ఫైలు నాది కాదు, నాకన్నా ముందు చేసినతనిది. టీమ్ లీడ్‌కి చూపించాను. కాసేపు చూసి "ఇది ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అన్నాడు. రేపు ఇద్దరం కూర్చుని పాత నెలలు తీస్తున్నాం.