అప్‌డేట్: క్రాప్స్ లెక్క బుర్రకెక్కింది

లాస్ వేగాస్‌లో అక్కావాళ్ల దగ్గరికి వెళ్తున్నా, క్యాసినోలో రెండు పాచికలతో ఆడే క్రాప్స్‌లో పాస్ లైన్ (మొదట కాసే పందెం) వెనక ఆడ్స్ (దానికి జోడించే అదనపు పందెం) పెట్టాలా, ఆరు మీద ప్లేస్ (నేరుగా ఆ అంకె మీదే పందెం) చేయాలా, ఓడినప్పుడల్లా రెట్టింపు చేస్తే పోలా అని అడిగాను కదా.

మీరు చెప్పినట్టే బీసెంట్ రోడ్డులో రెండు పాచికలు కొని, కాగితం మీద 36 జతలూ రాశాను. ఏడు పడటానికి 6 దారులు, ఆరుకి 5. అంటే ఆరు పాయింటు (గెలవాలంటే ఏడు కన్నా ముందు మళ్లీ పడాల్సిన అంకె) అయ్యాక 5 డాలర్లకు 6 ఇవ్వడం న్యాయం. ఆడ్స్ పందెంలో సరిగ్గా అంతే ఇస్తారు, క్యాసినోకి మిగిలేది సున్నా. ప్లేస్‌లో 6 డాలర్లకు 7 ఇస్తారు, న్యాయంగా 7.20 రావాలి. ఆ 20 సెంట్లతోనే వాళ్ల కరెంటు బిల్లు! కాకపోతే ఆడ్స్ కావాలంటే ముందు పాస్ లైన్ మీద పెట్టాల్సిందే, అక్కడ 1.41 శాతం వాళ్లది.

రెట్టింపు ఐడియా మా బావమరిదిది. 5తో మొదలుపెట్టి వరసగా ఏడుసార్లు పోతే 635 డాలర్లు గోవిందా, ఎనిమిదోసారి 640 పెట్టాలి. చింతగింజలతో ఆడితే రెండో రోజే అదే జరిగింది. వాడు సంక్రాంతి గుండాటలోనూ అంతే.

200 డాలర్లు తీసుకెళ్తున్నా. పాస్ లైన్‌కి 10, ఆడ్స్‌కి 20. అమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు.