హైస్కూల్లో లైంగిక విద్య: టీచర్లు ఎందుకు వెనకాడతారు?

జీవశాస్త్రం మాస్టారు:
పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వస్తే పువ్వు నిలువుకోత బొమ్మ రంగు సుద్దలతో బ్రహ్మాండంగా వేస్తాం. మనిషి దగ్గరికొచ్చేసరికి "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అనేస్తాం. సిగ్గు ఉంది, కాదనను. కానీ అసలు భయం వేరే. రేపు ఓ తండ్రి గేటు దగ్గర గొడవకు దిగితే నా వెనక ఎవరు నిలబడతారు? బడుల్లో ఇలాంటి పాఠాల కోసం కేంద్రం తెచ్చిన కౌమార విద్య కార్యక్రమాన్ని 2007లో మహారాష్ట్ర, కర్ణాటక సహా చాలా రాష్ట్రాలు ఆపేశాయి. 2009లో వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో ఇది అసలు వద్దే వద్దంది. ఇన్ని చూశాక నోరెత్తమంటే ఎలా?

తెలుగు టీచర్:
మాస్టారూ, నోరెత్తకపోతే మాత్రం మనకు రక్షణ ఉందా? పిల్లపై అఘాయిత్యం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే పోక్సో చట్టం కింద ఆరు నెలల దాకా జైలు. మరి మనకు తెలిసేదెలా? ఎనిమిదో తరగతి అమ్మాయి వచ్చి "కడుపులో నొప్పి మేడమ్" అని తలొంచుకుంటుంది, ఇంకేం అడిగినా ఏడుపే. తనకేం జరిగిందో చెప్పుకోవడం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు.

ఇద్దరు పిల్లల తండ్రి:
మీ బాధ అర్థమైంది. మరి మా మాట? మగ టీచరు ఆడపిల్లల ముందు ఇవన్నీ చెబుతుంటే ఏ తండ్రి ఊరుకుంటాడు? ఏం చెబుతారో ముందు మాకు చూపించండి. పదహారేళ్లు నిండకుండా ఇవన్నీ ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఏఎన్ఎం:
అన్నయ్యా, పదహారు నిండేదాకా ఆగుదామంటారు, పెళ్లిళ్లు ఆగట్లేదే! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. చాలామంది మొదటి చెకప్‌కు వచ్చినప్పుడు ఆఖరి నెలసరి తేదీ అడిగితే అత్తగారి మొహం చూస్తారు. చెడిపోతారని భయపడేవాళ్లు ఓసారి మా సెంటరుకు రండి.

జీవశాస్త్రం మాస్టారు:
మగ టీచరు సంగతికి జవాబు కాగితం మీద ఉందండీ. 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బడి ఆరోగ్య కార్యక్రమంలో ఇలాంటివి చెప్పడానికి బడికి ఇద్దరు టీచర్లు, వీలైతే ఒకరు ఆడ, ఒకరు మగ. ఇక నా షరతు ఒకటే: పేరెంట్స్ మీటింగులో పాఠం అందరికీ చూపించి, హెడ్మాస్టరు సంతకంతో నోటీసు బోర్డులో పెట్టాలి. అప్పుడు వచ్చే సోమవారమే చెబుతా.

ఇద్దరు పిల్లల తండ్రి:
మీటింగు పెట్టండి, వస్తాను. కానీ అమ్మాయిలకు, అబ్బాయిలకు విడివిడిగా అయితేనే ఒప్పుకుంటా.

తెలుగు టీచర్:
నెలసరి గురించి అబ్బాయిలకు చెప్పకపోతే స్కర్టుకు మరక చూసి నవ్వేది ఎవరు సార్? కొన్ని క్లాసులు విడిగా, ఇది మాత్రం కలిపే. ఇక్కడ నేను తగ్గను.